ఆపద రాకమునుపే ఊరు చేయవలసిన పని



మన కలికిరి, మదనపల్లె, పుంగనూరు సీమలవారికి కరవు తెలిసినంతగా వరద తెలియదు. వాన రాలేదని ఆకసమువంక చూచుటయే గాని, వచ్చిన వానకు వెరచుట మనకు అలవాటు లేదు. తుపానులు కోస్తావారికనియు, అంటువ్యాధులు పట్టణములవారికనియు మనలో పెక్కుమంది తలచుచుందురు. ఈ తలపు సరికాదనుటకు సాక్ష్యము వెదకుచు చాల దూరము పోనక్కరలేదు.

2021వ సంవత్సరము నవంబరు 19వ తేదీ కార్తిక పూర్ణిమ. బంగాళాఖాతమునందలి వాయుగుండమువలన చిత్తూరు, కడప జిల్లాలలో ఎడతెరపి లేక వాన కురిసెను. మదనపల్లె, పీలేరు ప్రాంతపు మెట్టలమీద పడిన నీరు బాహుద, పింఛ అను ఏరులుగా దిగి, చెయ్యేరై, రాజంపేట, నందలూరు ప్రాంతములమీదుగా పోయి పెన్నలో కలియును. ఆనాడు మొదట పింఛ జలాశయమువద్ద కట్ట తెగెను. ఆ నీరును తోడు కాగా, తెల్లవారు వేళ అన్నమయ్య జలాశయపు మట్టికట్ట కొట్టుకొనిపోయెను. దిగువనున్న పులపత్తూరు, మందపల్లి, గుండ్లూరు మొదలగు గ్రామములలో ఇండ్లు నేలమట్టమయ్యెను. పదులకొలది జనులు ప్రాణములు కోల్పోయిరి. పశువులు కొట్టుకొనిపోయెను. పైరుభూములు ఇసుకమేటలు వేసెను. శంఖలిఖితుల కథ మీరెరుగుదురు. లిఖితునకు పోయిన చేతులను తిరిగి ఇచ్చినదని పేరొందిన బాహుదయే ఈ ఏరు.

దీనినుండి మనము గ్రహింపవలసినవి రెండు. మొదటిది: మనమీద పడిన వాన మన పొలిమేరలో నిలువదు. మన సీమలో చెరువులు గొలుసుకట్టుగా నున్నవి. పై చెరువు తెగినచో క్రింది చెరువు నిలుచుట కష్టము. కావున తమ చెరువు మొరవ ఎంత ఎత్తున పారుచున్నదో, కట్టమీద ఎచ్చట ఊట కనబడినదో, మెట్టమీది ఊరివారు దిగువ ఊరివారికి ఎప్పటికప్పుడు తెలుపవలయును. ఇది దయతలచి చేయు పని కాదు, ధర్మము. రెండవది: కట్ట తెగిన పిదప జనులకు దొరకునది కొద్దిపాటి వ్యవధి మాత్రమే. ఆ వ్యవధిలో పట్టణమునుండి పడవ రాదు, వైద్యుడు రాడు, అధికారి రాడు. రాగలవాడు ఇరుగుపొరుగువాడొక్కడే. మరి ఆ పొరుగువానికి ఏ యింట ఎవరున్నారో, ఎవరిని ముందు మోయవలయునో తెలిసియున్నదా? ఈ ప్రసంగమున నేను మీముందుంచదలచినది ఈ యొక్క ప్రశ్నయే.

“అది ప్రభుత్వమువారి పని గదా” యని మీలో కొందరనవచ్చును. నిజమే. కాని పెద్దలారా, ఒకప్పుడు ఊరికి కరణము, మునసబు ఉండిరి. తలారి ఉండెను. చెరువు తూమునకు నీరుగంటి ఉండెను. దండోరా వేసినచో గడియలో వార్త ఊరంతయు ప్రాకెడిది. 1984లో కరణము, మునసబు పదవులు రద్దయ్యెను. అటుపిమ్మట 2019లో ఏబది యిండ్లకొక వాలంటీరు చొప్పున ప్రభుత్వమువారు నియమించిరి. 2020లో కోవిడ్ వ్యాధి వచ్చినపుడు ఇంటింటికి తిరిగి జ్వరముగలవారిని విచారించినవారిలో వారును, ఆశా కార్యకర్తలును ఉండిరి. 2024 తరువాత ఆ వాలంటీర్ల ఏర్పాటు కొనసాగలేదు. మంచిచెడ్డల చర్చ నాకిక్కడ పనిలేదు. పదవులు వచ్చును, పోవును. వీధి మాత్రము ఉండును. పదవితోబాటు ఇంటింటి ఎరుకయు పోయినచో నష్టపడునది ఊరే. ఆ యెరుకను ఊరు తన చేతియందే ఉంచుకొనవలయును.

మన భూములకు అడంగలున్నది. సెంటు నేల ఎవరిదో వ్రాసియున్నది. మంచము దిగలేని ముదుసలి ఏ యింటనున్నదో ఎచ్చటను వ్రాసిలేదు. కనుక ప్రతి వీధికి ఒక చిట్టా వ్రాయుడు. పది పదునైదు ఇండ్లు ఒక చిట్టాకు చాలును. నడువలేనివారు, చూపులేనివారు, వినబడనివారు, నిండుచూలాండ్రు, పసిబిడ్డల తల్లులు, ఒంటిగానున్న వృద్ధులు, పిల్లలు బెంగుళూరునకో గల్ఫు దేశములకో కూలికి పోగా మిగిలిన తల్లిదండ్రులు, నిత్యము మందు తప్పనివారు – వీరి పేర్లెదుట, వీరిని తీసికొనిపోవువారి పేర్లు రెండు వ్రాయుడు. రెండని ఏల? ఒకడు ఊర లేకున్న రెండవవాడుండును. వారిలో ఒకరు స్త్రీ యగుట మేలు. పగటివేళ మగవారు పొలములకు పోయినపుడు ఇంటియొద్ద నుండునది ఆమెయే. రోగముల పేర్లు చిట్టాలో వ్రాయవలదు. “ఈమెను మోయవలయును”, “ఈతనికి మందుసంచి వెంట తేవలయును” అన్నంత చాలును. ఒకరి జబ్బు పదిమంది నోట పడరాదు.

వ్రాసిన చిట్టాను పెట్టెలో పెట్టినచో చెదలకే లాభము. సంవత్సరమునకు రెండుమారులు దానిని చదివి దిద్దవలయును. ఉగాదినాడు పంచాంగశ్రవణము ముగియగనే ఒకమారు, ఎండలు ముదురకమునుపు. విజయదశమికి మరియొకమారు, స్వాతి, విశాఖ కార్తెల వానలు రాకమునుపు. అదేనాడు కట్టవద్దకు పోయి మొరవకడ్డముగా పెరిగిన కంపను కొట్టించి, ఇసుకసంచులు సిద్ధపరచి, ఊరిలో ఎత్తైన గట్టి కట్టడము ఏదో, అచ్చటికి రాత్రివేళ దారి ఏదో పిల్లలకుగూడ చూపవలయును.

ఇట్టి పనివలన ఫలముండునా యని సందేహింపవలదు. 1970 నవంబరులో వచ్చిన భోలా తుపానులో నేటి బంగ్లాదేశమున మూడు లక్షలకు తక్కువకాకుండ జనులు చనిపోయిరి. ఆ దేశమువారు 1972 నుండి తీరగ్రామములలో స్వచ్ఛందసేవకుల దళములను నిలిపిరి. మెగాఫోను చేతబట్టి, జెండా ఎత్తి, తమ వీధిలో తామే హెచ్చరిక చెప్పి, ముసలివారిని మోసికొనిపోవుట వారి పని. గట్టి ఆశ్రయభవనములును, వాతావరణశాఖ ముందుగా ఇచ్చు హెచ్చరికలును తోడయ్యెను. 2020లో అంఫాన్ అను పెనుతుపాను వచ్చినపుడు అక్కడి మృతులు పదుల సంఖ్యలోనే నిలిచిరి. రేడియోలో విన్న హెచ్చరికకంటె, తెలిసినవాడు గుమ్మమున నిలిచి “లే, పోదము రమ్ము” అన్న మాట ఎక్కువగా కదలించును.

ఇక అంటువ్యాధి సంగతి. వరదలో పొరుగువాడు పరుగెత్తి వచ్చును. అంటువ్యాధిలో ఆ పొరుగువాడే తలుపు మూయును. 2020, 2021 సంవత్సరములలో మనము చూచినదిదియే. శవమును మోయుటకు నలుగురు కరవైన ఇండ్లుండెను. ఐనను గడపలో అన్నము పెట్టి పోయిన పుణ్యాత్ములును ఉండిరి. భయము సహజము. అయితే ఎవరు ఏమి చేయవలయునో ముందుగా నిర్ణయింపబడిన ఊరిలో భయము పనికి అడ్డురాదు. ముక్కు, నోరు మూసికొని దూరముననుండి అన్నము, నీరు అందించుటకు ఒకరు. ఉదయము, సాయంకాలము ఫోనులో పలుకరించుటకు ఒకరు. ఊపిరి బరువైనచో 108కి కబురుచేయుటకు ఒకరు. ఇంతే కావలసినది.

ఈ పాఠము మన సీమకు క్రొత్తది కాదు. మదనపల్లెకు సమీపమున ఆరోగ్యవరములో క్షయరోగుల చికిత్సాలయము 1915లో వెలసెను. ఆ రోగమునకు సరియైన మందులేని కాలమది. గాలి, వెలుతురు, విశ్రాంతి, బలమైన ఆహారము, శ్రద్ధగల మనుష్యులు – ఇవియే అప్పటి చికిత్స. రోగిని వెలివేయుట వేరు, రోగమును హద్దులో పెట్టుట వేరు అని ఆ చోటు చూపెను. 1948లో మన దేశమున బి.సి.జి. టీకాలు తొలుత మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి.

వరద తీసిన పిదప వచ్చునది మురికినీటి రోగము, వాంతులు, విరేచనములు. 1971లో బంగాళా సరిహద్దున బనగాఁవ్ శరణార్థుల శిబిరములో కలరా చెలరేగెను. సిరలగుండ ఎక్కించు ద్రవము అయిపోయెను. దిలీప్ మహలనబీస్ అను వైద్యుడు ఉప్పు, గ్లూకోజు మొదలగునవి కలిపిన నీటిని పీపాలలో నింపించి, రోగుల చుట్టములచేతనే త్రాగించెను. నూటికి ముప్పదిదాక నున్న మరణములు నలుగురికంటె తగ్గెను. బ్రతికించినది చాలవరకు తల్లుల, అక్కచెల్లెండ్ర చేతులే. ఆ ద్రావణపు పొట్లములు ఆరోగ్యకేంద్రములో దొరకును. అవి లేనపుడు, కాచి చల్లార్చిన లీటరు నీటిలో తలకొట్టిన చిన్న చెంచాలు ఆరు చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి, కొంచెము కొంచెముగా పట్టవలయును. ఉప్పు మించరాదు. బిడ్డ త్రాగలేకున్నను, మూత్రము ఆగినను, మగతపడినను ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్పవలయును.

ప్రతి యింట ఒక సంచి ఉండవలయును. వారము దినములకు సరిపడు మందులు, టార్చిలైటు, అగ్గిపెట్టె, త్రాడు, ఈల, మూతగల నీళ్ల డబ్బా, కొన్ని అటుకులు, బెల్లము, తడవని సంచిలో భూమి కాగితములు, ఆధారు, బ్యాంకు పుస్తకము. సంచి తలుపుచెంత వ్రేలాడవలయునే గాని అటకమీద కాదు. వరదనీటితోబాటు పాములును ఇండ్లలో దూరును. కాటు పడినచోట కోయరాదు, పీల్చరాదు, బిగించి కట్టరాదు. కాలు కదలనీయక నేరుగ పెద్ద ఆసుపత్రికి పోవలయును.

కడపట ఒక మాట. చిట్టా మీ వీధితో ఆగరాదు. ఊరి వెలుపలి కాలనీ, వంక ఒడ్డున గుడిసెలు వేసికొన్న వలసకూలీలు, ఇటుకబట్టీలయొద్దివారు – వీరి యిండ్లే తరచుగా పల్లమున నుండును, నీరు వీరిని ముందు చేరును, వార్త కడపట చేరును. వారి పేర్లు వ్రాయుటకు వారిలోని వారినే పిలిచి ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. ఊరి పెద్ద పిలిచిననాడు రానివారుండరు. మీరు పిలువనిచో పిలుచువారును లేరు.

ఈ పనికి డబ్బక్కరలేదు, ఉత్తరువక్కరలేదు. రచ్చకట్టమీద ఒక సాయంకాలము, ఒక కాగితము, ఒక కలము చాలును. మొదటి పేరు ఈ వారములోనే వ్రాయింపుడని వేడుకొనుచు సెలవు తీసికొనుచున్నాను.