ఎన్ని మెతుకులు పట్టి చూడాలి?

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చెబుతుందంటారు మన పెద్దలు. ఇక్కడ కెనడాలో స్టాటిస్టిక్స్ చదివే మన పిల్లల్ని మాత్రం పాఠం "ఎన్ని మెతుకులు?" అని అడుగుతుంది. డబ్లిన్‌లో గిన్నెస్ బీరు కంపెనీ ఉద్యోగి గోసెట్‌కూ నమూనాలు తక్కువే. 1908లో "స్టూడెంట్" అనే మారుపేరుతో ఆయన చూపిన దారే నేటి టీ డిస్ట్రిబ్యూషన్.

నాలుగు పాల సంచులు కొలిచామనుకోండి. రాసిన కొలతకూ మన సగటుకూ తేడా స్టాండర్డ్ ఎర్రర్‌కు 2.5 రెట్లు వచ్చింది. 5 శాతం పరీక్షలో నార్మల్ హద్దు 1.96 కనుక, తేడా నిజమే అనేస్తాం. కానీ ఆ ఎర్రర్ కూడా ఆ నాలుగింటితో వేసిన అంచనాయే కదా! అందుకే టీ పట్టికలో హద్దు 3.182. అంటే పాలు సరిగ్గా ఉన్నాయని కాదు, నింద వేయడానికి ఈ సాక్ష్యం చాలదని. ఇంకొన్ని కొలవాలి.