చిత్రములోనివారు చదువునప్పుడు



ఈ ఉపన్యాసమునకు మూలధనము నొసగిన కుటుంబమువారు, తమ తండ్రిగారి స్మృత్యర్థము ఏటేట పఠనమునకు సంబంధించిన ఏదో యొక విషయమును గురించి మాత్రమే ఇచ్చట ప్రసంగము జరుగవలెనని నియమము చేసిరి. ఆ నియమములో చక్కని ఔచిత్యమున్నది. ఆయన గ్రంథకర్త కారు. చదివిన ప్రతి గ్రంథపు కర్తకును ఒక ఉత్తరము వ్రాసి, దాని నకలును ఆ గ్రంథపు వెనుక అట్టలోపల అంటించి దాచుకొన్న పఠిత. అట్టివారు లేనిచో గ్రంథము అచ్చుపడియు అసంపూర్ణముగనే యుండును. కనుక నేను ఈనాడు పఠితల స్పందనను గురించియే మాటాడదలచితిని. అందును రెండు విధముల గ్రంథములకు లభించు స్పందనను గురించి. ఆదివాసుల కళను పరిచయము చేయునవి మొదటివి; బాల్యమును ఛాయాచిత్రములలో చూపునవి రెండవవి.

ఈ రెండింటిని ఏల జతపరచితినని మీరు అడుగవచ్చును. జతపరచినవారు పఠితలే. ఇట్టి గ్రంథములపై పత్రికలలో వెలువడు సమీక్షలను, లేఖలను ఓపికతో పరికించినచో, రెండింటికిని ఒకే మెప్పు దక్కుచున్నట్లు కనబడును: ఎంత అమాయకముగా నున్నవనియు, నాగరకులమైన మనము పోగొట్టుకొన్నదెల్ల వీనియందే మిగిలియున్నదనియు. కొండమీది చిత్రకారుని రేఖను చూచినవాడును, గోలీలాడు బాలుని ఛాయాచిత్రమును చూచినవాడును ఒకే తీరున కరగిపోవుచున్నారు. ఆ కరుగుట కపటమని నేననను. కాని ఆ మెప్పు వెనుక ఒక నిశ్చయము దాగియున్నది: చిత్రములోనివారు మనవంక చూడరనియు, మన పుస్తకమును చదువరనియు, చదివినను మారుపలుకరనియు. ఈ నిశ్చయము సత్యదూరమని చెప్పుటకే నేనిచ్చట నిలిచితిని. వారు చూచిరి, చదివిరి, మారుపలికిరి. మన పఠనచరిత్రలో ఆ పలుకులకు చోటు చిక్కలేదు.

మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1951లో ‘ది ట్రైబల్ ఆర్ట్ ఆఫ్ మిడిల్ ఇండియా’ అను గ్రంథమును ప్రకటించెను. 1955లో ఒడిశా కొండలలోని సవరల మతమును గురించి బృహద్గ్రంథము వ్రాసెను. ఈ రెండవ గ్రంథములో సవరల గోడచిత్రములను గురించి ఆయన చెప్పిన సంగతి, చిత్రకళను గూర్చి మాటాడు ప్రతివాడును ఒకమారైనను నిలిచి ఆలోచింపదగినది. ఇంట రోగము ప్రవేశించినను, పంట చెడినను, చనిపోయినవారెవరో కలలో కనబడి కోరినను, గోడను ఎఱ్ఱమట్టితో అలికి ఆరనిచ్చి, బియ్యపుపిండిని నీట కలిపి, పుల్లతో తెల్లని బొమ్మ వేయుదురు. చతురస్రముగా ఒక ఇల్లు. దానిలోను చుట్టును వరుసలు వరుసలుగా మనుష్యులు, ఏనుగులు, గుఱ్ఱములు, చెట్లు. ఎల్విన్ చూచునాటికే వాని నడుమ విమానములు, రైళ్లు, సైకిళ్లు కూడ. ఇది గోడకు చేసిన అలంకారము కాదు, ఆ దేవతకో ఆ మృతునికో కట్టి ఇచ్చిన నివాసము. బొమ్మ వేయుటతో పని ముగియదు. పూజారి దాని యెదుట కూర్చుండి పిలువగా, పూనకమున వచ్చినవారు తమ ఇంటిని తామే పరీక్షింతురు. ఇది మరచితివి, అది చేర్చుమందురు. చిత్రకారుడు మరల పుల్ల చేతబట్టి దిద్దును. వారు సమ్మతించినప్పుడే అది చిత్రమగును.

ఎవరికొఱకు వేయబడినదో వారే వచ్చి లోపము నెంచు సంప్రదాయము ఇది. ఇంతటి కఠినపరీక్షకు లోబడు కళను అమాయకమని మెచ్చుకొనుట మెచ్చుకొనుట కానేరదు. మన నగరములలోని ప్రదర్శనశాలలలో ఏ చిత్రకారుడు తన చిత్రమును అందులోనివారి యెదుట నిలిపి ఒప్పుకోలు పొందవలసియున్నాడు? ఏ ఛాయాగ్రాహకుడు తాను తీసిన బిడ్డ బొమ్మను ఆ బిడ్డకు చూపి, ఇందులో ఏమి తక్కువైనదని యడిగినాడు? విమర్శ అనునది విద్యాధికులకే చెందినదని తలచువారు ఆ మట్టిగోడ ముందు కొంతసేపు కూర్చుండవలెను.

ఎల్విన్‌ను నేను తక్కువచేయుట లేదు. ఆయన ఆ ప్రజలను ప్రేమించినాడు, వారి నడుమ జీవించినాడు. కాని మధ్యభారతపు ఆదివాసుల కళ క్షీణించుచున్నదని ఆయన నమ్మెను. నశించుదానిని నమోదు చేయువాని విషాదము ఆ 1951 నాటి గ్రంథమున ఆద్యంతము వినబడును. ఆయన కొంతకాలము నివసించిన పాటన్‌గఢ్ అను గోండుపల్లెలోనే తరువాతి కాలమున జన్‌గఢ్ సింగ్ శ్యామ్ జన్మించెను. అతడు ఇంటిగోడలపై వేసిన బొమ్మలు చిత్రకారుడు జె. స్వామినాథన్ దృష్టిలో పడినవి. అతడు భోపాలునందలి భారత్ భవన్‌కు చేరి, కాగితముపై, కాన్వాసుపై చిత్రించి, ఒక క్రొత్త సంప్రదాయమునకే ఆద్యుడయ్యెను. ఆ పల్లెనుండియే అతని బంధువు భజ్జూ శ్యామ్ వచ్చెను. ఎల్విన్ విషాదమునకు ఇంతకంటె గొప్ప ప్రత్యుత్తరమేది కలదు?

భజ్జూ శ్యామ్ ఒక భారతీయ భోజనశాల గోడలను చిత్రించుటకై లండను వెళ్లెను. ఆ యాత్రనుండి పుట్టిన ‘ది లండన్ జంగిల్ బుక్’ 2004లో మద్రాసు నగరమందలి తారా బుక్స్ వారి ద్వారా వెలువడెను. అందులో విమానము ఆకసమున కెగిరిన ఏనుగు. భూగర్భమున నడచు రైలు వానపాము. గోండులకు ప్రొద్దును తెలుపునది కోడిపుంజు గనుక, లండను నగరపు గడియారస్తంభమును కోడిపుంజును ఒకే దేహమైనవి. పగలెల్ల కానరాక సాయంకాలము పానశాలలలో గుమిగూడు ఆంగ్లేయులు గబ్బిలములు. ఈ పుస్తకమును చూచి పలువురు ముచ్చటపడి నవ్వుదురు. ముచ్చటపడుటలో తప్పులేదు గాని, అంతటితో ఆగుట తప్పు. ఒక శతాబ్దికి పైగా ఆంగ్లేయులు గోండులను చూచి, కొలిచి, వర్గీకరించి గ్రంథములు వ్రాసిరి. ఇచ్చట ఒక గోండు ఆంగ్లేయులను చూచి, వారి యాచారములను గమనించి, తన లోకములోని దేనికి దేనితో సామ్యమున్నదో నిర్ణయించి గ్రంథము చేసెను. ఆ పనినే ఇతరులు చేసినప్పుడు మనము దానిని శాస్త్రమన్నాము. ఇతడు చేసినప్పుడు బాలసాహిత్యపు అలమరలో పెట్టితిమి.

ఇక ఛాయాచిత్రముల సంగతి. ఛాయాగ్రాహకుడు ఎడ్వర్డ్ స్టైకెన్ 1955లో న్యూయార్కు నగరమున ‘ది ఫ్యామిలీ ఆఫ్ మ్యాన్’ అను ప్రదర్శనమును నెలకొల్పెను. 68 దేశములనుండి 503 ఛాయాచిత్రములు; దేశదేశముల పిల్లలు చేతులు కలిపి గుండ్రముగా తిరుగు బొమ్మలు వానిలో కొన్ని. ప్రదర్శనము ప్రపంచమంతట తిరిగినది, మన నగరములకును వచ్చినది. దాని పుస్తకము లక్షలకొలది ఇండ్లకు చేరినది. మానవులందరు ఒక కుటుంబమని పఠితలు కన్నులు చెమర్చిరి. 1959లో ఆ ప్రదర్శనము మాస్కోలో జరుగుచుండగా, నైజీరియా దేశస్థు డొకడు కొన్ని చిత్రములను చింపివేసెను. తెల్లవారు గౌరవముగా కనబడుచుండగా, ఆఫ్రికావారును ఆసియావారును అర్ధనగ్నులుగ, దీనులుగ, రోగులుగ చూపబడిరని అతడు కారణము చెప్పెను. ఆ చర్యను నేను సమర్థింపను. కాని అతడు ఆ చిత్రములను మనకంటె శ్రద్ధగా చదివెనని చెప్పక తప్పదు. కుటుంబమన్నారు గదా, ఆ కుటుంబములో ఎవరికి ఏ పీట వేసిరని అతడు చూచెను.

ఇంతకంటె దారుణమైన ప్రత్యుత్తరము అమెరికాలోనే పుట్టినది. కెంటకీ రాష్ట్రమందలి లెచర్ కౌంటీ బొగ్గుగనుల కొండసీమ. 1960ల దశకములో దారిద్ర్యమును చిత్రించుటకై పత్రికలవారు, చలనచిత్రములవారు ఆ కొండలపై వాలిరి. మసిబారిన ముఖముల పిల్లలు, విరిగిన వసారాలు దేశమంతటికి తెలిసిన దృశ్యములయ్యెను. 1967 సెప్టెంబరులో అచ్చటి భూస్వామి యొకడు, తన స్థలములో అద్దెకున్న కుటుంబమును చిత్రించుచున్న హ్యూ ఓకానర్ అను కెనడా చిత్రదర్శకుని కాల్చి చంపెను. హత్య హత్యయే, చంపబడినవాడు సహృదయుడు. అయినను ఆ సీమవారిలో అనేకులు హంతకుని పక్షము వహించిరనుట మనలను కలతపెట్టవలసిన విషయము. తమ బిడ్డల ముఖములు పరుల జాలికి సరుకులగుట చూచి చూచి విసిగినవారి మౌనమే అట్లు వక్రమార్గమున బయటపడినది.

అట్టి కౌంటీకి 1970ల దశకపు నడుమ వెండీ ఈవాల్డ్ అను యువతి ఉపాధ్యాయినిగ వెళ్లెను. ఆమె పిల్లలను ఫోటో తీయుటతో తృప్తిపడలేదు. వారి చేతికే కెమెరాలు అందించెను. మిమ్ము మీరు తీయుడు, మీ ఇంటివారిని తీయుడు, మీ జంతువులను తీయుడు, తుదకు మీ కలలను తీయుడనెను. పిల్లలు తామే ఫిలిము కడిగి ముద్రించుకొనిరి. 1985లో ‘పోర్ట్రెయిట్స్ అండ్ డ్రీమ్స్’ అను పుస్తకమైనది. అందులో ఒక చిత్రమును నేను మరువలేను. చెట్టుకొమ్మల చీలికలో ఒక బాలుడు ప్రాణములేనట్లు చేతులు వ్రేలవేసి పడియున్నాడు. తన ప్రాణమిత్రుని తానే చంపినట్లు కలగంటినని, ఆ కలను ఆ మిత్రునితోనే నటింపజేసి తీసినాడు మరియొక బాలుడు. దీనియందు అమాయకత్వమెక్కడ? భయము, స్నేహము, అపరాధభావము, వానిని బొమ్మకట్టు నేర్పు ఉన్నవి. పెద్దలు తీసిన బాల్యమునకును, పిల్లలు తీసిన బాల్యమునకును గల దూరము ఆ యొక్క పుటలో కొలువవచ్చును.

చిత్రములోనివారి చేతికే పుస్తకము నిచ్చు ఈ మార్గము మన సీమలకు తెలియనిది కాదు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తిపంతులుగారు సవరభాష నేర్చి, తమ ధనముతో సవర పిల్లలకు బడులు నడిపి, వారికి వాచకములు కూర్చిరి. 1931లో అచ్చైన వారి సవరభాషా వ్యాకరణగ్రంథమును పండితులు కొనియాడిరి; నాకు మాత్రము ఆ వాచకములపైనే గౌరవము మెండు, ఏలయన వానికి తొలి పఠితలు సవరబాలురు. ఆదిలాబాదు సీమలో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ విషయమును అట్టిదే. ఆయన రాజగోండులను గురించి వ్రాసిన గ్రంథము 1948లో ఆంగ్లమున వెలువడినది. అందలి ఛాయాచిత్రములలోని పిల్లలు దానిని చదువజాలరు. కాని అంతకుముందే, 1943లో, ఆయన చొరవతో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణకేంద్రము వెలసినది, గోండీ వాచకములు తయారైనవి. ఒకే పండితుని కృషిలో వారిని గురించిన పుస్తకమును, వారికొఱకైన పుస్తకమును రెండును కలవు. మన గ్రంథాలయములు మొదటిదానిని గాజుతలుపుల వెనుక భద్రపరచినవి. రెండవదానిని వెదకినను దొరకదు.

ఈ సభను నిర్వహించుచున్న గ్రంథాలయమువారికి నాదొక విన్నపము. ఆదివాసుల చిత్రములుగాని, పిల్లల ఛాయాచిత్రములుగాని గల పుస్తకమును కొనినప్పుడెల్ల రెండవ ప్రతియొకటి కొని, దానిని సీతంపేటకో, ఉట్నూరుకో, ఏ పల్లెవారి బొమ్మలున్నవో ఆ పల్లెకో పంపుడు. ఆ ప్రతికి చివర ఇరువది తెల్లకాగితములు చేర్చి కుట్టించుడు. అచ్చటి ఉపాధ్యాయుడు పుటలు త్రిప్పి చూపగా, పెద్దలు పిల్లలు ఏమేమి చెప్పుదురో, ఇది మా యత్తగారి ఇల్లనియు, ఈ డోలును ఇట్లు పట్టుకొనరనియు, ఈ బిడ్డ పేరు వ్రాయలేదేమనియు, ఆ మాటలను వారి భాషలోనే, వారు పలికినట్లే వ్రాయించుడు. పేరు వేయుటయు, మానుటయు వారి ఇష్టము. పుస్తకము తిరిగి వచ్చిన తరువాత ఆ ప్రతినే చదువరులకు ఇండు. మొదటి ప్రతిని అటక మీద పెట్టినను నష్టము లేదు.