సౌలు కవచం మనకెందుకు?



ఈ పూట ఒక పాటల ఆల్బం గురించి మీతో మాట్లాడాలనుకున్నాం. పాస్టర్లకు ఈ పాటలతో ఏం పని అనకండి. ఆ గొంతు పెరిగింది దేవుని మందిరంలోనే.

అరీతా ఫ్రాంక్లిన్ 1942లో అమెరికాలోని మెంఫిస్‌లో పుట్టింది. తండ్రి సి.ఎల్. ఫ్రాంక్లిన్ డెట్రాయిట్‌లో న్యూ బెతెల్ బాప్టిస్టు సంఘ కాపరి. 1963 జూన్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌తో కలిసి నల్లజాతి ప్రజల హక్కుల కోసం ఆ నగర వీధుల్లో మహా ప్రదర్శన నడిపించినవాడు.

18 ఏళ్ల వయసులో అరీతా కొలంబియా కంపెనీలో చేరింది. 1961లో 'అరీతా' పేరుతో తొలి స్టూడియో ఆల్బం వచ్చింది. అందులో బ్లూస్ ఉంది, జాజ్ ఉంది, నాటకాల పాటలూ ఉన్నాయి. గొంతు గొప్పదే. కానీ ఆమెను ఏ రకం గాయనిగా నిలపాలో కంపెనీ తేల్చుకోలేకపోయింది. ఆరేళ్లు అలాగే గడిచాయి. అట్లాంటిక్ కంపెనీకి మారాక, 1967లో పియానో ముందు కూర్చుని మందిరంలో పాడినట్టే పాడింది. ఓటిస్ రెడ్డింగ్ 1965లో పాడిన 'రెస్పెక్ట్' పాట ఆమె నోట స్త్రీల, నల్లవారి ఆత్మగౌరవ గీతమైంది. 1970లో ఏంజెలా డేవిస్ జైల్లో ఉంటే, బెయిలు డబ్బు కడతానని ముందుకొచ్చిందీ ఈమే.

దావీదు సౌలు కవచం తొడిగి చూశాడు, నడవలేకపోయాడు. విప్పేసి తన వడిసెలే పట్టుకున్నాడు. గొల్యాతు పడింది దానికే.

మన హోసూరు, కృష్ణగిరి సంగతి చూడండి. ఇంట్లో తెలుగు, బయట తమిళం, కన్నడం. 2006 చట్టం వచ్చాక బడిలో మన పిల్లలకు తెలుగు అక్షరాలే దూరమవుతున్నాయి. ఇక మందిరంలో మైకు పట్టుకుంటే మన యాస దాచేసి, యూట్యూబులో విన్న గొంతును అరువు తెచ్చుకుంటున్నాం. మన తాతల తప్పెటను చావు వాయిద్యమని, తక్కువ కులం వాయిద్యమని గడప బయటే నిలబెడుతున్నాం. 150వ కీర్తన చదవండి. అది ఏ వాయిద్యాన్నీ నీ కులమేదని అడగదు.

అందుకే మిమ్మల్ని ఒకటి కోరుతున్నాం. ఈ క్రిస్మస్‌కు ఒక్క పాట మీరే కట్టండి. మీ అవ్వ మాట్లాడే తెలుగులో కట్టండి. ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీగా నలిగే అన్న, మామిడి తోటలో కూలికెళ్లే అమ్మ అందులో కనబడాలి. తప్పెటను లోపలికి తెండి. పెద్దలు అడ్డం చెబితే మేము మీ పక్కనే నిలబడతాం.