చిక్కుపడిన పోగులు

(బండారులంకలో పఠనమందిరమున చేసిన ఉపన్యాసము)



నేడు మేము ప్రస్తావింపబోవు విషయము మన యిండ్లలో ఇంతవరకు గుసగుసలకే పరిమితమైనది. దాచుటవలన నలిగిపోవువారు మన బిడ్డలే గనుక దానిని సభలో పలుకక తప్పదు.

ఆటిజము పుట్టుకతో వచ్చిన మనోరీతి. ఎదుటివాని ముఖభావమును, మాటలోని మర్మమును గ్రహించుట అట్టివారికి కష్టము. కొన్ని ధ్వనులును స్పర్శలును పలువురకు దుస్సహములు. 1943లో అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు పదునొకండుగురు పిల్లలను గూర్చి వ్రాసిన వ్యాసముతో ఇది వైద్యలోకమున ప్రసిద్ధికెక్కినది. పుట్టినపుడు లోకము నిర్ణయించిన లింగమును అంతరంగము అంగీకరింపమిచే కలుగు తీవ్రవేదన వేఱొకటి. వైద్యులు దానిని జెండర్ డిస్ఫోరియా అందురు.

ఈ రెండును వేఱు. అయినను తఱచుగా ఒకే వ్యక్తియందు కానవచ్చును. 2020లో కేంబ్రిడ్జి పండితులు ఆఱు లక్షలకు పైబడిన జనుల వివరములను పరిశీలించి, ట్రాన్స్‌జెండరు వ్యక్తులలో ఆటిజము ఇతరులకంటె 3 నుండి 6 రెట్లు అధికమని తేల్చిరి. ఒకటి రెండవదానికి కారణమని మాత్రము ఎవ్వరును నిరూపింపలేదు. ఆటిజము గలవారు లోకుల మెప్పునకై మనసు దాచుకొనుట తక్కువ గనుక ఉన్నమాట చెప్పుదురేమో యని కొందఱి యూహ.

ఇచట పెద్దలు రెండు తప్పులు చేయుదురు. "వీనికేమి తెలియును?" అని బిడ్డ మాటను త్రోసివేయుట మొదటిది. తగిన విచారణ లేక తొందరపడి నిర్ణయించుట రెండవది. బాలుడు చొక్కా తొడుగనని యేడ్చినచో, అది గుడ్డ గరకుతనము సహింపకయా, మగవేషము గిట్టకయా? నేత యెఱిగిన ఈ యూరివారికి ఆ భేదము చెప్పనక్కఱలేదు. బిడ్డనే అడుగవలెను, వినవలెను, రెండింటిని ఎఱిగిన వైద్యునకు చూపవలెను.

2014లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండరు వ్యక్తుల హక్కులను గుర్తించినది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఆటిజమును తన పట్టికలో చేర్చినది. ఒక తలుపు ఇటు, ఒక తలుపు అటు. రెండింటి నడుమ నిలిచిన బిడ్డకు దారి చూపవలసినవారము మనమే గదా!

పడుగున పోగులు చిక్కుపడినపుడు నేర్పరియైన నేతగాడు కత్తి తీయడు. వ్రేళ్లతో మెల్లగా విడదీయును. ఆ ఓర్పును మగ్గముకడ చూపెడి మనము బిడ్డలకడ చూపలేమా?