గుర్రాల రోగం నుంచి బర్రెల కొట్టం దాకా

(ఘట్‌కేసర్‌లో జరిగిన పాడి రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాడి రైతుల మీటింగని పిలిచి గుర్రాల ముచ్చట పెడుతున్నారేందని మీలో కొందరు నవ్వుకుంటున్నారు. నవ్వండి, కానీ చివరిదాకా వినండి. మన దేశపు గుర్రపు స్వారీ ఆట రోగాల వల్ల ఏళ్ల తరబడి దెబ్బతిని, ఇప్పుడిప్పుడే లేచి నిలబడుతున్నది. అది ఎట్లా లేస్తున్నదో అర్థం చేసుకుంటే, మన కొట్టంలో బర్రెను ఎట్లా కాపాడుకోవాలో, సర్కారును ఏమని అడగాలో మనకు తెలుస్తుంది.

గుర్రం మనకు దూరపు జీవం కాదు. నాచారం పక్కనే మౌలాలి. నిజాం కాలంలో, 1868లో, హైదరాబాద్ గుర్రపు పందేలు మొదలైంది అక్కడే. 1886లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వాటిని మలక్‌పేటకు మార్చాడు. ఆ పందేల్లో పైసలు పోగొట్టుకున్న ఇండ్లు కూడా మనకు తెలుసు, అది వేరే సంగతి. ఇవాళ ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ దాకా వరంగల్ రోడ్డు పొడుగునా ఫంక్షన్ హాళ్లే. పెళ్లిళ్ల దినాల్లో బరాత్ గుర్రాలు మన ఇండ్ల ముందు నుంచే పోతాయి. ఇంకో మాట. పొలంలో పాము కరిస్తే దవాఖానలో మనకు ఎక్కించే మందు గుర్రం రక్తం నుంచి తీసిందే. అట్లా చూస్తే గుర్రానికి మనమే బాకీ ఉన్నాం.

ఇక ఆట సంగతి. 1982లో ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగినప్పుడు గుర్రపు స్వారీలో మన దేశానికి మూడు బంగారు పతకాలు వచ్చాయి. రఘుబీర్ సింగ్‌కు ఒకటి, ఆయన ఉన్న జట్టుకు ఒకటి, రూపీందర్ సింగ్ బ్రార్‌కు ఒకటి. బ్రార్ గెలిచింది టెంట్ పెగ్గింగ్. భూమిలో పాతిన మేకును, పరుగెత్తే గుర్రం మీది నుంచి ఈటెతో లేపే ఆట అది. ఆ తర్వాత ఇంకో బంగారం రావడానికి 41 ఏండ్లు పట్టింది. 2023 సెప్టెంబరులో చైనాలోని హాంగ్‌జౌలో డ్రెస్సాజ్ అనే పోటీలో నలుగురు పిల్లలు గెలిచారు. అనుష్ అగర్వాలా, హృదయ్ ఛేడా, దివ్యకృతి సింగ్, సుదీప్తి హజేలా. గుర్రం చేత అడుగు తీసి అడుగు లెక్కగా వేయించే పోటీ అది.

ఆ నలుగురూ తర్ఫీదు పొందింది యూరప్‌లో. వాళ్ల గుర్రాలు ఉన్నదీ అక్కడే. అంతకు ముందు 2021లో టోక్యో ఒలింపిక్స్‌కు పోయిన బెంగళూరు రౌతు ఫవాద్ మీర్జా కూడా జర్మనీలో ఉండే తయారయ్యాడు. మంచి గుర్రాలు, మంచి గురువులు అక్కడ ఉండటం ఒక కారణం. పెద్ద కారణం ఇంకోటి ఉంది. మన గడ్డ మీద ఉన్న గుర్రాన్ని పోటీకి తీసుకుపోతామంటే బయటి దేశాలు రానియ్యవు. మీ దేశంలో గుర్రాల రోగాలున్నాయి, మీ గుర్రం మాకు రోగం తెస్తుంది అంటాయి. స్వారీ చేసేటోనికి ఎంత పనితనం ఉన్నా లాభం లేదు. యూరప్‌లో గుర్రాన్ని కొని సాకగలిగిన ఇంటి పిల్లలకే ఆట దక్కింది. ఇక్కడి గుర్రం మీద నేర్చుకున్న సిపాయికి దారి మూసుకుపోయింది.

వాళ్ల భయం ఉత్తదేం కాదు. 1987లో మన దేశంలో గుర్రాల ఫ్లూ వచ్చి చాలా రాష్ట్రాలకు పాకింది. 2008 ఎండాకాలంలో మళ్లీ వచ్చింది. ఈసారి మొదట కనబడ్డది జమ్మూ దగ్గరి కత్రాలో, వైష్ణోదేవి గుట్టకు యాత్రికులను మోసే గుర్రాలు, కంచరగాడిదల్లో. ఆ రోగంతో చచ్చేవి తక్కువే కానీ, సోకిన జంతువును వారాల తరబడి పని చేయించకుండా కట్టేసి ఉంచాలి. రోజు కూలికి బతికే గుర్రపోడు ఎన్ని రోజులు కట్టేసి కూర్చుంటాడు? దగ్గుతున్న గుర్రాన్నే మళ్లీ గుట్ట ఎక్కించాలి, లేకుంటే పస్తులుండాలి. ఆ ఫ్లూ అక్కడి నుంచి రాష్ట్రాలు దాటి, పలుచోట్ల పందేలు కూడా ఆగేదాకా పోయింది.

గ్లాండర్స్ ఇంకా చెడ్డది. ముక్కు నుంచి చీము కారుతుంది, ఒంటి మీద పుండ్లు లేస్తాయి, మనిషికి కూడా అంటుతుంది. టీకా లేదు. పరీక్షలో తేలితే ఆ జంతువును చంపాల్సిందే. ఉత్తరాదిన ఈ రోగం తేలినప్పుడు గుర్రానికి 25,000 రూపాయలు, గాడిదకు, కంచరగాడిదకు 16,000 రూపాయలు పరిహారంగా లెక్కగట్టారు. ఇటుకబట్టీలో గాడిద మీద, టాంగాలో గుర్రం మీద బతికే కుటుంబానికి ఆ పైసలతో మళ్లీ గుర్రం వస్తుందా? రానప్పుడు రోగముందని ఎవరు చెప్తారు? రాత్రికి రాత్రి పక్క జిల్లాకు తోలేస్తారు. రోగం కూడా వాళ్ల వెంటనే పోతుంది.

బయటి దేశాలకు కూడా ఈ దెబ్బ తగిలింది. 2020లో థాయిలాండ్‌లో ఆఫ్రికన్ హార్స్ సిక్‌నెస్ వచ్చి 500కు పైగా గుర్రాలు చచ్చాయి. ఆ దేశం మళ్లీ రోగం లేని దేశమని గుర్తింపు తెచ్చుకునేసరికి 2023 వచ్చింది. 2021 ఫిబ్రవరిలో స్పెయిన్‌లోని వాలెన్సియాలో ఒక పెద్ద పోటీలో హెర్పిస్ రోగం పుట్టి 18 గుర్రాలు చనిపోయాయి. అంతర్జాతీయ గుర్రపు స్వారీ సమాఖ్య పది దేశాల్లో పోటీలన్నీ ఏప్రిల్ దాకా ఆపేసింది. మళ్లీ తెరిచినప్పుడు కొత్త కట్టుబాట్లు పెట్టింది. గుర్రం లోపలికి రావాలంటే జ్వరం లెక్క రాసిన కాగితం కావాలి, వచ్చినాక కూడా రోజూ జ్వరం చూడాలి, అనుమానమున్న గుర్రాన్ని విడిగా కట్టాలి.

మన దేశం ఏం చేసిందో ఇప్పుడు చూద్దాం. ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ కంటోన్మెంట్‌లో సైన్యానికి పశువైద్య కేంద్రం, కాలేజీ ఉన్నాయి. అక్కడ గుర్రాల కోసం ఒక ఆవరణ తయారుచేశారు. బయటి జంతువు లోపలికి రాకుండా కట్టడి, ఈగలు దోమల అదుపు, పెంట ఎత్తే పద్ధతి, డాక్టర్ల నిఘా, పరీక్షలు, రాత్రింబవళ్లు కాపలా, అన్నిటికీ రాతపూర్వకంగా లెక్క. 2025 జులై 3న ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ దాన్ని రోగాలు లేని ఆవరణగా గుర్తించింది. గ్లాండర్స్, ఫ్లూ, సర్రా, పిరోప్లాస్మోసిస్, గుర్రాల అంటు రక్తహీనత, ఈ ఐదూ అక్కడ లేవని ఒప్పుకుంది. ఆఫ్రికన్ హార్స్ సిక్‌నెస్ మన దేశంలోనే లేదని 2014లోనే గుర్తింపు వచ్చింది. ఇక మీరట్‌లో సాకిన గుర్రం బయటి దేశం పోటీకి పోయే దారి తెరుచుకున్నది.

ఆ గుర్తింపుకు రెండు నెలల ముందు, 2025 ఏప్రిల్ చివర, మే మొదట్లో, మన హైదరాబాద్ నుంచి 57 గుర్రాలను రోడ్డు మీద జబల్‌పూర్‌కు తరలించారు. పోయిన కొద్ది రోజుల్లోనే ఎనిమిది చచ్చిపోయాయి. గ్లాండర్స్ ఉందేమోనని నెత్తురు నమూనాలు హర్యానాలోని హిసార్‌కు పంపాల్సి వచ్చింది. తప్పెవరిదో తేల్చేటోళ్లు వేరే ఉన్నారు. మనం గుర్తుపెట్టుకోవాల్సింది ఇది. ఒకే ఏడాది, ఒకే దేశంలో, ఒకచోట గుర్రానికి రోజూ లెక్క రాస్తున్నారు. ఇంకోచోట గుర్రాలు చచ్చినాకగాని వెతుకులాట మొదలుకాలేదు.

ఇక మన బర్రెల దగ్గరికి వద్దాం. మీరట్‌లో లేదని తేల్చిన సర్రా రోగం జోరీగలు మోస్తాయి. ఆ ఈగ గుర్రాన్నీ కుడుతుంది, బర్రెనూ కుడుతుంది. ఇంకో సంగతి విన్నారా? 2022లో లంపీ రోగం దేశమంతా ఆవులను చంపుతున్నప్పుడు దానికి మన దేశపు టీకా తయారుచేసింది హిసార్‌లోని జాతీయ గుర్రాల పరిశోధన కేంద్రమే, ఇజ్జత్‌నగర్ పశువైద్య పరిశోధన సంస్థతో కలిసి. గుర్రాల కోసం కట్టిన ప్రయోగశాల ఆవుకు అక్కరకొచ్చింది. గుర్రాల మీద పెట్టిన ఖర్చు దండగని మేము అనం. అదే శ్రద్ధ మన కొట్టందాకా రావాలని అంటున్నాం.

ఇక్కడ మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేండ్ల కింద మా కొట్టంలో ఒక బర్రెకు గాలికుంటు వచ్చింది. నోట్లో నురగ, గిట్టల్లో పుండ్లు. చూడంగనే తెలిసింది. బర్రె మీద అప్పు ఉంది, పాలకేంద్రంలో తెలిస్తే పాలు పోయించుకోరని భయం. మేము ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోగా, ఇంకా లక్షణాలు కనబడని పడ్డను ఆ వారం అంగడికి తోలి అమ్మేశాం. మూసీ ఒడ్డు గడ్డి ఎప్పటిలెక్కనే కోసుకొచ్చాం, అదే కాళ్లతో పక్కోళ్ల కొట్టంలోకి పోయి పేడెత్తే కాడ ముచ్చట్లు పెట్టాం. పది రోజుల్లో వాడకట్టంతా పాకింది. పక్కింటి అక్క లేగ నిలబడ్డది నిలబడ్డట్టే పడిపోయి చచ్చింది. ఆమెకు ఇప్పటికీ మేము మొఖం నేరుగా చూపించలేం. మా పడ్డను కొన్నవాళ్ల ఇంట్లో ఏం జరిగిందో అడిగే ధైర్యం చేయలేదు.

కత్రా గుర్రపోడు చేసిన పనే మేమూ చేశాం. నిజం చెప్తే నష్టం మన ఒక్కరిదీ, దాస్తే నష్టం ఊరందరిదీ అయినప్పుడు పేదోడు దాస్తాడు. దాన్ని నీతి బోధలతో మార్చలేం. చెప్పినోనికి నష్టం రాకుండా చూస్తేనే మారుతుంది.

ఈ మాట ఇప్పుడే ఎందుకంటే, గాలికుంటు లేని ప్రాంతాలుగా తయారుచేయాలని కేంద్రం ఎంచుకున్న రాష్ట్రాల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ ఉన్నాయి. 2019 సెప్టెంబరులో మధురలో మొదలుపెట్టిన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం కింద ఆరు నెలలకోసారి టీకాలు, చెవికి 12 అంకెల పోగు, అన్నీ దీనికోసమే. గుర్తింపు వస్తే మన పాలకు, మాంసానికి బయటి మార్కెట్ తెరుచుకుంటుంది. మంచిదే. కానీ ఒక ప్రమాదం ఉంది.

మీరట్‌లో కట్టింది ప్రహరీ. ప్రహరీ కట్టగలిగేది సైన్యం, పెద్ద కంపెనీ. కోళ్ల పరిశ్రమలో కూడా బర్డ్ ఫ్లూ లేని ఆవరణలను ఇట్లాగే గుర్తిస్తున్నారు. రేపు పాడికీ అదే పద్ధతి వస్తే, గోడలున్న వెయ్యి ఆవుల డెయిరీకి సర్టిఫికెట్ వస్తుంది. నాలుగు బర్రెల రైతు రోగం మోసేటోడనే పేరుతో బయట మిగులుతాడు. మనకు కావాల్సింది ప్రాంతమంతటికీ గుర్తింపు. ప్రతి కొట్టానికీ టీకా, ప్రతి అంగడిలో తనిఖీ. అది అయ్యే పనే. మన తాతల కాలంలో ముసర రోగం, అంటే రిండర్‌పెస్ట్, ఊళ్లకు ఊళ్లు కొట్టాలు ఖాళీ చేసేది. 1954లో మొదలుపెట్టి ఊరూరా టీకాలు వేసి, వేసి, దాన్ని తుడిచేశారు. 2006లో భారతదేశానికి ఆ రోగం లేదని గుర్తింపు వచ్చింది. 2011లో ప్రపంచంలోనే లేదన్నారు. ఏ ప్రహరీ లేకుండా చిన్న రైతుల కొట్టాల్లోనే అది జరిగింది.

కాబట్టి సంఘం తరఫున మన కోరికలు ఇవి.

ఒకటి, అంటురోగంతో పాడిపశువు చచ్చినా, సర్కారు చంపించినా, మళ్లీ పశువును కొనగలిగే పరిహారం గడువులోపల ఇవ్వాలి. లంపీతో చచ్చిన ఆవుకు 2023లో రాజస్థాన్ 40,000 రూపాయలు ఇచ్చింది. ఇక్కడెందుకు కాదు?

రెండు, రోగం చెప్పిన రైతు పాలు ఆపిన రోజులకు ఎంతోకొంత దాణా, గడ్డి ఆసరా ఇవ్వాలి.

మూడు, టీకా తేదీ ముందే దండోరా వేయాలి. టీకా చల్లదనం తప్పకుండా మన ఊరిదాకా రావాలి. నమూనాలు తీసుకుపోతే ఫలితం రైతుకు చెప్పాలి.

నాలుగు, పశువుల అంగడిలో డాక్టరు, నీళ్లు, అనుమానమున్న పశువును విడిగా కట్టే జాగ ఉండాలి.

మనం చేయాల్సినవీ ఉన్నాయి. కొత్తగా కొన్న పశువును మూడు వారాలు విడిగా కట్టాలి. రోగం కనబడితే అదే రోజు 1962కు ఫోన్ చేయాలి, లేదా పశువుల దవాఖానలో చెప్పాలి, వాడకట్టుకు చెప్పాలి. చెప్పిన ఇంటిని వెలివేసినట్టు చూడొద్దు. ఆ వారం ఆ ఇంటికి గడ్డి మోపు మనమే గడప బయట వేసి రావాలి. టీకా వేసిన తేదీ, ఈనిన తేదీ, కొన్న తేదీ ఒక నోట్‌బుక్కులో రాసుకోవాలి. మీరట్‌లో గుర్రానికి ఉన్నది ఆ పుస్తకమే, పెద్ద మాయేమీ లేదు.

వచ్చే నెల సమావేశానికి ఊరికొకరు తమ ఊరి పశువుల లెక్క, టీకా పడని కొట్టాల లెక్క రాసుకొని రండి. ఆ కాగితాలు కట్టకట్టి జిల్లా పశుసంవర్ధక శాఖ అధికారుల ముందు పెడదాం. మా కొట్టం లెక్క మొదటి కాగితం. గాలికుంటు దాచిన సంగతి కూడా అందులో రాసే ఇస్తాం.

సెలవు. రైతుల ఐక్యత వర్ధిల్లాలి.