బీదరు జిల్లా – మారిన ఎల్లలు



అర్జీ మీద, బడి రిజిస్టరులో, పొలం కాగితంలో ఊరి పేరు తరువాత జిల్లా పేరు రాస్తాం. అయితే జిల్లా అనేది నదిలాగా, కొండలాగా తనంత తాను పుట్టినది కాదు. పరిపాలన కోసం మనుషులు గీసుకున్న గీత అది. ఫ్రాన్సులో విప్లవం తరువాత, 1790లో, రాజుల కాలంనాటి విభజనను తీసివేసి దేశాన్ని 83 డిపార్టుమెంట్లుగా ఏర్పరచారు. ఏ మూలనుంచి బయలుదేరినా గుర్రంమీద ఒక్క రోజులో ముఖ్య పట్టణం చేరాలన్నది వారి ఆలోచన. వాటిలో చాలావాటికి నదుల పేర్లు, కొండల పేర్లు పెట్టారు. 1800లో ఒక్కొక్కదానికి ప్రిఫెక్టు అనే అధికారిని నియమించారు. మన కలెక్టరు వంటి ఉద్యోగమే అది.

ఆ పద్ధతి ఇక్కడ పాటించి ఉంటే మనది మంజీర జిల్లా అయ్యేది. మంజీర మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, లాతూరు సీమ దాటి, మన జిల్లాలో ప్రవహించి, తెలంగాణలో సింగూరు, నిజాంసాగర్ జలాశయాలను నింపి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. మూడు రాష్ట్రాలకూ అదే నీరు. నేల సంగతి చూస్తే, బీదరు పట్టణం ఎర్రని జంబిటి రాతి పీఠభూమి మీద ఉంది. కుశనూర్ ఉన్న ఔరాద్ వైపు నల్లరేగడి ఎక్కువ. జొన్న, కంది, పెసర, మినుము అక్కడి పంటలు.

ఇక చరిత్ర. పన్నెండవ శతాబ్దంలో బసవేశ్వరుని కల్యాణ పట్టణం ఈ జిల్లాలోనిదే. పదిహేనవ శతాబ్దంలో బహమనీ సుల్తాను అహ్మద్ షా గుల్బర్గా నుంచి రాజధానిని బీదరుకు మార్చాడు. మహమూద్ గవాన్ మదరసా 1472 నాటిది. తరువాత బరీద్ షాహీలు, బీజాపూరు సుల్తానులు, మొగలాయీలు పాలించారు. 1724 నుంచి ఇది నిజాము రాజ్యం. 1865లో సాలార్‌జంగు జిల్లాబందీ ప్రవేశపెట్టాడు. అప్పటి జిల్లా పెద్దను అవ్వల్ తాలూకాదారు అనేవారు. రెవెన్యూ దస్తావేజులు తరువాతి కాలంలో ఉర్దూలో నడిచాయి.

1948లో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో చేరింది. అప్పటి బీదరు జిల్లాలో కన్నడం, తెలుగు, మరాఠీ మాట్లాడే తాలూకాలు కలిసి ఉండేవి. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజనతో ఆ జిల్లా మూడు ముక్కలయింది. అహ్మద్‌పూర్, నిలంగా, ఉద్గీర్ తాలూకాలు బొంబాయి రాష్ట్రానికి పోయి ఉస్మానాబాదు జిల్లాలో చేరాయి. నారాయణఖేడ్ తాలూకా, నిర్ణా సర్కిలు మినహా జహీరాబాదు తాలూకా, బీదరు తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిలు ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ జిల్లాకు వెళ్ళాయి. మిగిలినది మైసూరు రాష్ట్రానికి వచ్చింది. 1973లో ఆ రాష్ట్రమే కర్ణాటక అయింది.

ఇక్కడ ఒక్క మాట గమనించండి. ఒకే తాలూకాలో ఒక సర్కిలు ఇటు, మిగతా భాగం అటు. కాగితంమీద భాషల లెక్క చూసి గీత గీయవచ్చు. కాని ఎల్ల దగ్గరి పల్లెల్లో ఇంట్లో ఒక భాష, సంతలో ఇంకొక భాష, కచేరీలో మూడవ భాష ఉండేవి. పిల్లనిచ్చిన ఊరు గీతకు అవతల పడింది. వియ్యాలవారు పరాయి రాష్ట్రంవారయ్యారు.

ఆ తరువాతకూడా గీతలు కదులుతూనే వచ్చాయి. 1982లో లాతూరు జిల్లా ఏర్పడి ఉద్గీర్, నిలంగా, అహ్మద్‌పూర్ అందులో చేరాయి. 1985లో ఆంధ్రప్రదేశ్‌లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2016లో మెదక్‌ను విభజించినప్పుడు జహీరాబాదు, నారాయణఖేడ్ సంగారెడ్డి జిల్లావయ్యాయి. మన వైపున చిట్‌గుప్ప, హులసూర్, కమలనగర్ కొత్త తాలూకాలు కాగా, మొత్తం ఎనిమిది అయ్యాయి. 2011 లెక్కల ప్రకారం జిల్లా జనాభా 17 లక్షల పైచిలుకు.

ఇదంతా ఎందుకు తెలుసుకోవాలి? గీత ఏ పక్కన ఉన్నామన్నదాన్నిబట్టి పిల్లల చదువు, కొలువు ఆధారపడి ఉంటాయి గనుక. 2012 నాటి 98వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 371-జె అధికరణం, మన జిల్లా ఉన్న కల్యాణ కర్ణాటక ప్రాంతంవారికి విద్యలో, ఉద్యోగాల్లో స్థానిక రిజర్వేషన్లకు దారి చేసింది. దానికి పుట్టుకో నివాసమో రుజువు కావాలి. అవతల తెలంగాణలో 371-డి కింద స్థానికత నియమాలు వేరు. తాతగారి పాత కాగితంలో "జిల్లా బీదరు" అని ఉన్నంత మాత్రాన ఊరు కర్ణాటకలో ఉన్నట్లు కాదు. అది 1956కు ముందుదైతే ఆ ఊరు ఈనాడు న్యాల్‌కల్ మండలంలో ఉండవచ్చు, ఉద్గీర్ తాలూకాలోనూ ఉండవచ్చు.

కాబట్టి ఇంట్లో పాత ఉర్దూ కాగితాలుంటే అర్థంకావడంలేదని పారవేయకండి. ఉర్దూ చదవగల పెద్దవారున్నప్పుడే చదివించి, గ్రామం, సర్కిలు, తాలూకా, సంవత్సరం విడిగా రాసిపెట్టుకోండి. జిల్లా పేరు ఒక్కటే చాలదు. పిల్లలకు పటం చూపించేటప్పుడు ఇప్పటి ఎల్లతోపాటు 1956 ముందరి ఎల్లకూడా చూపించండి. ఆ గీతకు అవతల ఉన్నది కూడా ఒకప్పుడు తమ జిల్లాయేనని, అక్కడివారి మాట, మన మాట ఒకే అంగట్లో కలిసి పెరిగినవని వారికి తెలుస్తుంది.