పనికంటే డబ్బు ముందు నడవకూడదు
(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు. మనలో చాలామంది సర్వీసులో ఉండగానే ఆ రెండూ చూసేశాం. ఇప్పుడు మూడోది వచ్చింది. ఉన్న ఇంటి మీద ఒక అంతస్తు వేయడమో, మెట్లెక్కలేని వయసుకు కింద ఒక గది, బాత్‌రూము కలపడమో. ఈ పనికి నమ్మకమైన మేస్త్రీని ఎలా ఎంచుకోవాలో చెప్పమన్నారు కార్యదర్శిగారు. నేను ఇంజనీరును కాను. ఏళ్ళ తరబడి ఎస్టిమేట్లు, బిల్లులు సరిచూసిన గుమాస్తాను. ఆ అనుభవంతోనే నాలుగు మాటలు మనవి చేస్తాను.

మన గ్రాట్యుటీ ఒక్కసారే వస్తుంది. కమ్యుటేషన్ సొమ్ము మన పింఛనులోంచే కోత పడుతుంది. ఆ డబ్బు సగం లేచిన గోడల్లో ఇరుక్కుంటే మళ్ళీ సంపాదించే వయసు కాదు.

మన సభ్యులొకరున్నారు, పేరు చెప్పను. పై వాటా వేయిస్తూ మేస్త్రీ అడిగినప్పుడల్లా ఇచ్చారు. స్లాబు పడేసరికి ఒప్పుకున్న సొమ్ములో ముప్పాతిక వంతు వెళ్ళిపోయింది. మేస్త్రీ ఊరు విడిచి పోలేదు. ఫోను చేస్తే "రేపొస్తాను సార్" అనేవాడు. ఇక్కడ మిగిలిన పని ఎక్కువ, రావలసిన డబ్బు తక్కువ. వేరేచోట కొత్త అడ్వాన్సు సిద్ధంగా ఉంది. అతను అటే వెళ్ళాడు. తలుపుల్లేని ఆ గదులు రెండు వర్షాకాలాలు నానాయి. అద్దె మీద ఆశ పెట్టుకున్న దంపతులు మందులకు కూతురి వైపు చూడవలసి వచ్చింది. ఇందులో గమనించవలసింది ఒకటే. డబ్బు పనికంటే ముందు నడిస్తే మంచివాడి మాట కూడా నిలవదు.

ఇక మేస్త్రీని చూడడం. అతను కట్టిన ఇళ్ళు మూడు చూడండి: ఇప్పుడు కడుతున్నది ఒకటి, నిరుడు పూర్తయినది ఒకటి, అయిదారు వానాకాలాలు చూసినది ఒకటి. యజమానినే కాదు, ఇల్లాలిని కూడా అడగండి. బాత్‌రూములో నీళ్ళు జాలి వైపు పోతున్నాయా, మూలలో నిలుస్తున్నాయా? పిట్టగోడ కింద చెమ్మ దిగుతోందా? పని అయ్యాక పిలిస్తే వచ్చాడా? ఈ మూడో ప్రశ్నకు వచ్చే జవాబే ముఖ్యం.

మేస్త్రీ కంటే ముందు ఒక స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి. కింది పునాది, పిల్లర్లు మరో అంతస్తు మోస్తాయో లేదో చెప్పవలసింది ఆయన. "ఏం ఫరవాలేదు సార్, మోస్తుంది" అనే మేస్త్రీ మాట చాలదు. మునిసిపాలిటీ లేదా పంచాయతీ అనుమతి కూడా పని మొదలుకాకముందే తీసుకోవాలి.

తరువాత కాగితం. లేబరు కాంట్రాక్టా, మెటీరియలుతో సహానా? చదరపు అడుగు రేటు అయితే బాల్కనీ, మెట్లు, సన్‌షేడ్లు లెక్కలోకి వస్తాయా? సెంట్రింగు ఎవరిది? సిమెంటు, ఇనుము ఏ కంపెనీవి? ఇవన్నీ రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. వాయిదాలు నెలల మీద కాదు, పని మీద పెట్టండి. ఉదాహరణకు పై అంతస్తుకు నూటికి 10 అడ్వాన్సు, పిల్లర్లు లేచాక 15, స్లాబు పడ్డాక 25, గోడలకు 20, ప్లాస్టరింగు, గచ్చు అయ్యాక 20. చివరి 10 మాత్రం ఒక మంచి వాన చూశాకే. ఇచ్చిన ప్రతి రూపాయికి నోటు పుస్తకంలో తేదీ, సంతకం ఉండాలి.

మనకు తీరిక ఉంది కనుక కొన్ని మనమే చూసుకోవచ్చు. ఇనుము తూకం వేయించండి. 10 మి.మీ. చువ్వ మీటరుకు సుమారు 617 గ్రాములు, 12 మి.మీ.ది 888 గ్రాములు తూగాలి. సిమెంటు బస్తా మీద తయారైన వారం, సంవత్సరం చదవండి. మూడు నెలలు దాటినది వద్దనండి. గోడ బయటికి వచ్చే బాల్కనీలో ప్రధాన చువ్వలు పైభాగాన ఉండాలి. కూలీల కాళ్ళ కింద అవి అణిగిపోకుండా కాంక్రీటు పోసేటప్పుడు దగ్గర నిలబడండి. మన ఎండలకు స్లాబు 10 రోజులకు తగ్గకుండా తడవాలి, 14 అయితే మరీ మేలు. ఇంజనీరు చెప్పిన రోజుకు ముందు సెంట్రింగు విప్పనివ్వవద్దు.

అనుమానంతో కూలీలను సాధించమని నా ఉద్దేశం కాదు. కొలత సరిపోయిన రోజే డబ్బు చేతిలో పెట్టండి, మరునాటికి వాయిదా వేయకండి. మన బిల్లు ట్రెజరీలో ఆగితే మనం పడ్డ బాధ మరచిపోలేదు కదా!

అన్నీ చూసుకున్నా పని చెడితే? 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఇల్లు కట్టిపెట్టడం కూడా సేవే. లోపం జరిగిన రెండేళ్ళలోపు మీరుండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు. అక్కడ అడిగేది ఒప్పందం, రసీదులు, ఫొటోలు. అందుకే ఆ నోటు పుస్తకం బీరువాలో దాచమంటున్నాను.

ఇల్లాలికి కూడా ఆ పుస్తకం ఎక్కడుందో, ఎవరికెంత ఇచ్చామో, ఎంత ఇవ్వాలో చెప్పి ఉంచండి. మన వయసులో పని మధ్యలో ఏమైనా జరగవచ్చు. అప్పుడు ఆవిడకు అండగా నిలిచేది ఆ లెక్కే.